తుడుపు బియ్యం

పేట కౌన్సిలు బంట్రోతు వాకిట్లోకి వచ్చి గొడుగు ముడిచేసరికి తులసమ్మ ఒళ్ళో చేట ఉంది. చేటలో రేవు గోడౌను తుడిచే దండాసి తాత తెచ్చిన బియ్యం ఉన్నాయి.

దండాసి తాతని మొన్ననే పోలీసులు పట్టుకుపోయారు. పట్టుకుపోయింది ఆ బియ్యం కోసమే. బంట్రోతు టోపీ చూడగానే తులసమ్మకి అదే గుర్తొచ్చింది. ఏం చేస్తోందో తనకే తెలియకుండా, పక్కన చాప మీద పాకుతున్న పిల్లాణ్ణి ఎత్తి చేటలో కూచోబెట్టేసింది. పళ్ళు అప్పుడప్పుడే వస్తున్న వయసు వాడిది. కింద గరగరలాడుతున్న గింజల్ని చూసి సంబరపడిపోయి రెండు చేతులా చిమ్మడం మొదలెట్టాడు.

బంట్రోతు నవ్వాడు. “మీ కలాలు పిల్లల్ని చేటల్లో పెంచుతారా ఏమిటి?” ఇండియానించి వచ్చినవాళ్ళని బర్మావాళ్ళు కలా అంటారు.

“పుట్టినప్పుడు వేస్తామండీ. మా ఆచారం” అంది తులసమ్మ బర్మా భాషలో. 

“వీడు పుట్టి చాలా నాళ్ళయినట్టుందే! సరే, మ ఖిన్ తాన్ అంటే నువ్వే కదా? ఇక్కడ సంతకం పెట్టు. సోమవారం కోర్టుకి రావాలి. రాకపోతే బాగుండదు.”

మ ఖిన్ తాన్ అంటే తులసమ్మే. వాళ్ళ నాన్న బతికుండగా ఎవరి కాళ్ళో పట్టుకుని కూతురికి ఈ దేశపు కార్డు చేయించాడు. ఆ కార్డు మీద రాయించిన పేరది. ఆ పేరుతో ఆమెని పిలిచేవాళ్ళు ఎవరూ లేరు, సర్కారు తప్ప.

బంట్రోతు వెళ్ళాక కాగితం విప్పింది. తులసమ్మ చదువు నాలుగో తరగతిలో ఆగిపోయింది. రైలు స్టేషను వెనకాల తెలుగువాళ్ళ సంఘం నడిపే బడిలో చదివేది. సర్కారు బడులన్నిటినీ తీసేసుకున్న ఏడు ఆ బడి మీది తెలుగు బోర్డు దించేశారు, పంతులుగారు ఓడెక్కి ఇండియా వెళ్ళిపోయారు. ఆ తరవాత ఒక్క వానాకాలం బర్మా బడికి వెళ్ళింది. ఈలోగా నాన్న పోయాడు. పలక పోయి చేతికి చేట వచ్చింది. అందుకని బర్మా అక్షరాలు ఒక్కొక్కటీ కూడబలుక్కుంటేగాని రావు. కోర్టు అన్న మాట తెలిసింది. తన పేరు తెలిసింది. మధ్యలో ఏదో పొడుగాటి మాట, ఎన్నిసార్లు కూడబలుక్కున్నా కొరుకుడు పడలేదు. పడనక్కర్లేదనుకుంది. దండాసి తాతని పట్టుకున్నారు, ఇప్పుడు తన వంతు. అంతేకదా!

లేచి, పిల్లాణ్ణి చాప మీదికి దింపి, చేటలో బియ్యం, కుండలో బియ్యం, పిల్లాడి లాగూ మడతల్లో ఇరుక్కున్న గింజలతో సహా అన్నీ పెరటి కాలవలో పారబోసింది. జోరుగా వాన పడుతోంది. తెల్లటి బియ్యం మురికినీళ్ళలో కొంతదూరం తేలినట్టు వెళ్ళి మునిగిపోయాయి. మెతుకు కింద పడితే కళ్ళకద్దుకుని తినమని చెప్పిన అమ్మ కడుపున పుట్టిన పిల్ల తను. తలుపు మూసి పిల్లాణ్ణి గుండెలకి కరుచుకుని కూచుంది. ‘నన్ను తీసుకుపోతే నా పాలు మరిగినవాడు ఏం తాగుతాడు?’ అదొక్కటే ఆలోచన, గానుగెద్దులా తిరిగిన చోటే తిరిగింది.

రేవులో బియ్యం గోడౌనులు కంపెనీవాళ్ళ చేతుల్లో ఉన్నప్పటినించీ ఒక పద్ధతి ఉంది. బస్తాల్ని కూలీలు ఇనప కొక్కేలతో లాగుతారు. కొక్కెం దిగినచోటల్లా గోనె చిరిగి బియ్యం కారుతాయి. సాయంత్రం అయ్యేసరికి నేలంతా బియ్యమే. తుడిచేవాళ్ళు ఆ బియ్యాన్ని మట్టీ, గోనెపీచూ, పావురాల రెట్టలతో సహా చీపురుతో పోగుచేసి మూట కట్టుకుపోయేవాళ్ళు. దాన్ని తుడుపు బియ్యం అనేవారు. అది తుడిచినవాడిది. తెల్లదొరలు కాదనలేదు, తరవాత వచ్చిన సేట్లూ కాదనలేదు. దండాసి తాత తండ్రి తుడుపు బియ్యం తిన్నాడు, దండాసి తాత తిన్నాడు. ఇప్పుడు సర్కారు తీసుకున్నాక గోడౌను ప్రజలదయింది, నేల మీద గింజ కూడా ప్రజలదే అయింది. ఆ సంగతి దండాసి తాతకి ఎవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేవాడు కాదేమో!

తాత తెచ్చిన బియ్యం తినాలంటే ముందు చెరగాలి. తాత పెళ్ళాం అచ్చమ్మకి కళ్ళలో పొర కమ్మేసింది. రాయేదో గింజేదో ఆనదు. అందుకని తాత మూట తెచ్చి తులసమ్మ గడపలో దింపేవాడు. తులసమ్మ చెరిగి, నూకలు తీసి, నీళ్ళల్లో గాలించి, ఆరబోసి ఇచ్చేది. చెరిగినందుకు ఆమె వాటా ఆమెకి. ప్రజాదుకాణంలో ఇచ్చే బియ్యం ముక్కవాసన, అదీ నెలలో సగం రోజులకే సరి. ఆ వాటా లేకపోతే తులసమ్మ కంచంలో మెతుకు లేదు. కంచంలో మెతుకు లేకపోతే పిల్లాడికి పాలు లేవు.

బాపిరాజు రైలు గూడ్సు షెడ్డు పనినించి వచ్చి, కాగితం చూసి, భార్య ముఖం చూసి, తడిబట్టలైనా మార్చుకోకుండా ఆమెనీ పిల్లాణ్ణీ వెంటబెట్టుకుని పేట కౌన్సిలు ఆఫీసుకి బయల్దేరాడు. దాక్కుంటే ఇంకా పెద్ద తప్పవుతుందని అతని భయం.

పేట పెద్ద ఊ సాన్ ట్వే ఒకప్పుడు బస్సుల గారేజీలో మేస్త్రీ. గోళ్ళ సందుల్లో గ్రీజు నలుపు ఇంకా పోలేదు. తులసమ్మ కాగితం చాపితే చూసి, పగలబడి నవ్వాడు.

“నిన్ను పట్టుకోడానికి కాదమ్మా! పట్టుబడ్డవాడికి తీర్పు చెప్పడానికి. ఇదిగో, ఈ మాట చదవలేదా? ప్రజా న్యాయమూర్తి. నువ్వు జడ్జీవి.”

తులసమ్మకి అర్థం కాలేదు. అర్థమయ్యాక, అంతకుముందు భయమే నయమనిపించింది.

“నాకు చదువు లేదండీ.”

“చదువుకున్న జడ్జీలనే కదా ఇంటికి పంపించేశాం! ఇప్పుడు జనమే జడ్జీలు. నేను నట్లు బిగించుకునేవాణ్ణి. మొదటిరోజు నాకూ చెమటలు పట్టాయి. నడిమి కుర్చీలో నేనుంటాను. ఇటుపక్క కూరగాయల తోట ముసలాయన ఒకడుంటాడు, పాపం నిద్రపోతూ ఉంటాడు. అటుపక్క నువ్వు. వెనకాల చట్టం తెలిసిన లా గుమాస్తా ఉంటాడు. అతను ఏం చెయ్యాలో చెప్తాడు, మనం చేతులెత్తుతాం. అంతే.”

“చంటిపిల్లాడండీ. పాలు తాగే పిల్లాడు...”

“వరండాలో ఎవరైనా ఎత్తుకుంటారు. తల్లులు కూడా దేశాన్ని నడపాలి.”

బాపిరాజు మెల్లిగా అడిగాడు. “కేసు ఏమిటండీ?”

“మీవాళ్ళదే. ఆ గోడౌను ముసలాడిది. ముగ్గురు బర్మావాళ్ళు కూచుని ఒక కలాని జైలుకి పంపారన్న మాట మనకెందుకు? అందుకే మ ఖిన్ తాన్ పేరు నేనే ఇచ్చాను.” ఊ సాన్ ట్వే తమలపాకు నోట్లో పెట్టుకుని బాపిరాజు వైపు తిరిగాడు. “అన్నట్టు నీ కార్డు సంగతి మర్చిపోలేదు. నా బల్ల మీదే ఉంది.”

ఆ మాట చాలా మెత్తగా అన్నాడు. ఇద్దరికీ మాత్రం గుచ్చుకోవలసిన చోట గుచ్చుకుంది. బాపిరాజుది విదేశీయుల కార్డు. ఇక్కడే పుట్టినా అంతే. ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోవాలి.

ఇంటికొచ్చాక తులసమ్మ మొగుడి మీద విరుచుకుపడింది.

“ఏటి బావా, నాను తిన్న బియ్యానికి నానే తీర్పు సెప్పాలా?”

“నువ్వు తిన్నావని ఎవులికి తెలుసు? తాత సెప్పడు. నువ్వూ సెప్పకు. సెయ్యెత్తమంటే ఎత్తు, దించమంటే దించు.”

“ఎత్తితే తాత జైలుకెల్లిపోతాడు.”

“ఎత్తకపోతే నానెల్లిపోతాను, ఓడెక్కి. అక్కడ నాకెవులున్నారే? మా తాత ఊరి పేరు కూడా నాకు సరిగ్గా తెల్దు.” బాపిరాజు గోడకి జారబడ్డాడు. చెయ్యి చాపి కుండ మూత తీసి అన్నాడు, “బియ్యమేవి? కుండ ఖాళీగున్నాది.”

“కాలవలో పోసీసినాను.”

అతను కుండ బోర్లించి పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు అచ్చమ్మ గోడలు తడుముకుంటూ వచ్చింది. కబురు పేటంతా పాకిపోయినట్టుంది. ముసలిదాని ముఖం వెలిగిపోతోంది.

“ఓలమ్మ ఓలమ్మ! మన గుంట జడ్జీ అయిపోనాదట! ఏదీ, దగ్గిరికి రాయే, ముఖం తడిమి సూసుకుంటాను. జడ్జీ ముఖం ఎలగుంటాదో నానెప్పుడూ సూడ్లేదు.”

తులసమ్మ దగ్గరికి వెళ్ళింది. అచ్చమ్మ గరుకు వేళ్ళు నుదురూ బుగ్గలూ తడిమాయి.

“సిక్కిపోనావే. జడ్జీలు లావుగుండాల. ఇంద, గుంటడి నోట్లో ఎయ్యి” అని కొంగు ముడిలోంచి బెల్లంముక్క తీసింది. “మొన్నట్నించి నిద్దర లేదు నాకు. నీ పేరిన్నాక పడుకున్నాను. మనోళ్ళొకరు అక్కడ కూకుంటే సాలు గదా! మా ముసిలోడు బస్తాకి కత్తెట్టీ మనిసి కాదు. నీకు తెల్దేటి?”

“తెలుసు మామ్మా.”

“అదే సెప్పు. ఇంకేటీ సెప్పక్కర్లేదు. గుంటడిని వరండాలో నానెత్తుకుని కూకుంటాను. నా కళ్ళు పోనాయి గాని సేతులు పోలేదు.”

సోమవారం కూడా వాన వదల్లేదు. బస్సులో ముసలమ్మా, జడ్జీగారూ, పిల్లాడూ ఒకే సీట్లో ఇరుక్కుని వెళ్ళారు.

కోర్టు ఇంగ్లీషువాళ్ళ నాటి ఎర్ర ఇటుక మేడ. పైన పంకాలున్నాయి, తిరగవు. తులసమ్మకి చూపించిన కుర్చీ ఎంత ఎత్తుందంటే, కూచుంటే కాళ్ళు నేలకి ఆనలేదు. వేళ్ళు చాపి నేలని అందుకోడానికి చూసి మానేసింది. నడుముకి చుట్టుకున్న లోంజీ సర్దుకుని, చెంపల మీద రాసుకున్న తనకా చెక్క గంధం చెమటకి కరుగుతుంటే తుడుచుకుంది. పక్కన ఊ సాన్ ట్వే. అటు చివర తోట ముసలాయన అప్పుడే తల వాల్చేశాడు. వెనకాల లా గుమాస్తా, చేతిలో టైపు కొట్టిన కాగితాలు.

దండాసి తాతని తీసుకొచ్చారు. మాసిన గళ్ళ లోంజీ, చొక్కా లేదు. తల ఎత్తి కుర్చీల వైపు చూసి, తులసమ్మని గుర్తుపట్టి, ఒక్క క్షణం ఆగిపోయాడు. అతనికెవరూ చెప్పలేదు కాబోలు. ఆ తరవాత మళ్ళీ ఆమె వైపు చూడలేదు. తెలియనివాళ్ళ వైపు చూడనట్టే చూడలేదు. 

బల్ల మీద గోనెగుడ్డ పరిచి బియ్యం పోశారు. తాత ఇంట్లో దొరికిన బియ్యం. తెల్లగా, ఒక్క రాయి లేకుండా, గింజకి గింజ అంటకుండా ఉన్నాయి. తులసమ్మకి తన చెయ్యి తెలిసింది. పోయిన వారం చెరిగినవి. పిల్లాడికి విరేచనాలు పట్టుకుని ఒళ్ళోంచి దిగకపోతే, వాణ్ణి భుజాన వేసుకునే చెరిగింది. ఎంత బాగా చెరిగాను తల్లీ అనుకుని, ఇంకొంచెం పాడుగా చెరిగి ఉంటే బాగుండునని మొదటిసారి అనిపించింది.

గోడౌను మేనేజరు లేచాడు. పొట్టి మనిషి, గొంతు మాత్రం పెద్దది.

“ముద్దాయి ఇవి నేల తుడిచిన బియ్యమంటాడు. మీరే చూడండి. మా గోడౌను నేల ఇంత శుభ్రంగా ఉంటే నేను అక్కడే అన్నం తిందును. నేల మీది బియ్యంలో మట్టుంటుంది, రాళ్ళుంటాయి, పావురాలు చేసిన పనులుంటాయి.” జనం నవ్వారు. “ఇవి బస్తా కోసి తీసిన బియ్యం. ప్రజల బియ్యం.”

ఊ సాన్ ట్వే గింజలు అరచేతిలోకి తీసుకుని చూశాడు. “నిజమే. ముసలాయనా, ఏమంటావు?”

దండాసి తాతకి బజారు బర్మా వచ్చు. కోర్టు బర్మా రాదు. నోరు తడబడింది.

“మీ భాషలోనే చెప్పు. మ ఖిన్ తాన్ మాకు చెప్తుంది.”

అప్పుడు తాత తులసమ్మ వైపు తిరిగాడు. తిరగక తప్పలేదు.

“పాపా, నానే సెరుక్కున్నానని సెప్పు. తుడుపు బియ్యమే, నానే సెరిగినాను, నానే గాలించుకున్నాను. నీ పేరు తేకు. గుంటడు పాలు తాగీవోడు.” గొంతు పెంచకుండా, ఏదో పెద్ద సాక్ష్యం చెప్తున్నట్టు ముఖం పెట్టి అన్నాడు.

గదిలో ఆ భాష తెలిసినవాళ్ళు వాళ్ళిద్దరే. తులసమ్మ అందులో సగం మింగి, సగం బర్మాలో బయటపెట్టింది. “తుడుపు బియ్యమేనట. తనే చెరుక్కున్నాడట.”

“ఇతనే?” మేనేజరు నవ్వాడు. “అయితే చెరిగి చూపించమనండి.”

సరదాగానే అన్నాడేమో. ఊ సాన్ ట్వేకి మాత్రం ఆ మాట నచ్చింది. న్యాయమంటే కళ్ళముందు జరగాలి అన్నాడు. ఎదురుగా టీకొట్టు వంటింట్లోంచి ఒక చేట తెప్పించారు. బర్మావాళ్ళ గుండ్రటి వెదురు చేట. అందులో ఇన్ని బియ్యం, వరండా మూలల్లోంచి పొడిమట్టి ఇంత, గులకరాళ్ళు కొన్ని వేసి తాత చేతికిచ్చారు.

తులసమ్మ కుర్చీలో ముందుకి వంగింది. వాళ్ళ ఇళ్ళల్లో మగాడు చేట ముట్టుకోడు. ముట్టుకుంటే ఇంటికి దరిద్రం. చేట గాలి తగలకుండా పక్కకి తప్పుకుని నడుస్తారు. తాత పుట్టి బుద్ధెరిగి చేట పట్టి ఉండడు. పట్టుకోవడమే తప్పుగా పట్టుకున్నాడు, పళ్ళెం పట్టుకున్నట్టు అంచుల కింద వేళ్ళు పెట్టి. పైకి ఎగరేశాడు. బియ్యమూ మట్టీ కలిసి ఒక్కసారే లేచి, సగం అతని ముఖం మీద, సగం నేల మీద పడ్డాయి. రాళ్ళు చేటలోనే ఉన్నాయి. బల్లల మీది జనం విరగబడి నవ్వారు. తాత మళ్ళీ ఎగరేశాడు. ఈసారి రాళ్ళు కూడా పోయాయి. కళ్ళలో దుమ్ము పడి, నీళ్ళు కారుతున్న కళ్ళతో ఖాళీ చేట పట్టుకుని నిలబడ్డాడు.

తులసమ్మ చేతులు ఒళ్ళో వాటంతటవే కదిలాయి. మణికట్టు తిప్పి, చేట అంచు ఒక్క దెబ్బ కొడితే చాలు, రాళ్ళన్నీ ఇటువైపు, గింజలన్నీ అటువైపు. అదే వేళకి బయట వరండాలో పిల్లాడు ఏడుపు లంకించుకున్నాడు. ఆకలేడుపు. ఆమెకి రొమ్ముల్లో పాలు చిమచిమలాడి చొక్కా తడిసింది. చేతులు అడ్డం పెట్టుకుంది.

“నేను...” అంది.

“ఏమిటి, మ ఖిన్ తాన్?”

గది అంతా ఆమె వైపు తిరిగింది. చెరిగింది నేనే అన్న మాట నాలుక చివర్న ఉంది. చిన్న మాట. ఆ మాట వెనకాల పిల్లాడి ఏడుపు ఉంది, ఊ సాన్ ట్వే బల్ల మీది కాగితం ఉంది, మొగుణ్ణి ఎక్కించుకునే ఓడ ఉంది.

“మావాళ్ళల్లో మగవాళ్ళు చేట పట్టరండీ” అంది. “ఆడవాళ్ళే చెరుగుతారు. అందుకే అతనికి రాదు. బియ్యం మాత్రం చెరిగినవే. ఆ సంగతి నాకు చూస్తే తెలుస్తుంది.”

సగం నిజం చెప్పినా సగం మేలు జరుగుతుందనుకుంది పిచ్చిది.

ఊ సాన్ ట్వే తల ఊపాడు. “అలాగా! అయితే ఇతను అబద్ధం చెప్పాడన్నమాట. ఇతని ఇంట్లో ఆడదెవరు?”

లా గుమాస్తా వంగి చెప్పాడు. “భార్య ఉందండీ. బయట వరండాలోనే ఉంది, చంటిపిల్లాడితో.”

“ఆమెకీ ఇందులో చెయ్యి ఉందన్నమాట. పిలవండి.”

ఆ పాటి బర్మా దండాసి తాతకి తెలుసు. చేట జారిపడి అంచు విరిగింది.

“వొద్దు! దాన్ని పిలవొద్దని సెప్పు పాపా! దానికి కళ్ళు లేవు, అదేటి సెరుగుతాది? దాన్ని తెచ్చీసి మళ్ళీ సేటిచ్చి ఆడిస్తారు. సెప్పు, బస్తా నానే కోసినాను, దానికేటీ తెల్దని సెప్పు.”

తులసమ్మ కింద పడ్డ చేటకేసి చూసింది.

“సెప్పు!”

తాత ఆమె మీద గొంతెత్తడం అదే మొదలు. చిన్నప్పుడు జాతరలో భుజాన ఎక్కించుకుని తిప్పినప్పుడు కూడా, జుట్టు పీకినా ఏమీ అనని మనిషి.

“ఏమంటున్నాడు?” అన్నాడు ఊ సాన్ ట్వే.

“బస్తా...” తులసమ్మ తాతకేసి చూసింది. తాత ఆమె వైపే చూస్తున్నాడు, పనిలో దించిన కూలీ వైపు మేస్త్రీ చూసినట్టు. “బస్తా తనే కోశాడట. భార్యకి ఏమీ తెలియదట.”

పొద్దుటినించీ తాత అన్న మాటల్లో ఆమె పొల్లుపోకుండా చెప్పింది ఆ ఒక్క అబద్ధమే.

“ముందే చెప్తే టీకొట్టువాడి చేట మిగిలేది” అన్నాడు మేనేజరు. ఈసారి ఎవరూ అంతగా నవ్వలేదు.

లా గుమాస్తా కాగితాలు ఊ సాన్ ట్వే ముందు పెట్టాడు. తీర్పు టైపు కొట్టే ఉంది. సిరా ఎప్పుడో ఆరిపోయింది. తులసమ్మ కూడబలుక్కుంది. దండాసి పేరు, ప్రజల ఆస్తి, మూడేళ్ళు. చేటకి ముందే, బియ్యం బల్ల మీద పోయకముందే రాసి పెట్టుకున్న కాగితం. తను చెప్పినా ఇది మారేది కాదేమో, ఒక పేరు పెరిగేదంతే. ఆ ఆలోచన వస్తే మనసు కుదుటపడుతుందేమోనని చూసింది. పడలేదు.

“చేతులు” అన్నాడు ఊ సాన్ ట్వే.

అతను ఎత్తాడు. గుమాస్తా తట్టితే తోట ముసలాయన ఉలిక్కిపడి లేచి ఎత్తాడు. తులసమ్మ తడిసిన చొక్కాకి అడ్డం పెట్టుకున్న రెండు చేతుల్లో ఒకటి తీసి ఎత్తింది. పోలీసు తాత భుజం మీద చెయ్యి వేశాడు. తాత వెళ్తూ వెళ్తూ నేల మీది బియ్యం తొక్కకుండా పక్కనించి నడిచాడు.

“మొదటిసారికి బాగా చేశావు” అన్నాడు ఊ సాన్ ట్వే కాగితాలు సర్దుకుంటూ. “మీవాళ్ళ ఆచారాలు మాకు తెలియవు కదా. నువ్వు ఉండబట్టే అబద్ధం బయటపడింది. మళ్ళీ సోమవారం రా. నీ మొగుడి కార్డు సంగతి చూద్దాం.”

అందరూ వెళ్ళాక తులసమ్మ కుర్చీలోంచి దిగింది. తిమ్మిరెక్కిన కాళ్ళు నేలకి తగిలేసరికి తూలింది. కోర్టు తుడిచే ఆవిడ చీపురు తెచ్చి, చెల్లాచెదురైన బియ్యాన్ని మట్టితోనూ రాళ్ళతోనూ కలిపి ఒక మూలకి పోగుచేసింది. అటూ ఇటూ చూడనైనా చూడలేదు. అది రోజూ చేసే పని అన్నట్టు కొంగు పరిచి, పోగంతా ఎత్తుకుని, ముడి వేసుకుంది.

వరండాలో అచ్చమ్మ బల్ల మీద కూచుని, ఏడ్చి ఏడ్చి వెక్కుతున్న పిల్లాడి నోట్లో తన వేలు పెట్టి చప్పరింపిస్తోంది. అడుగుల చప్పుడుకి ముఖం ఎత్తింది.

“వచ్చీసినావా? ఇంద, ఈడు నా వేలు కొరికీసినాడు. పళ్ళొచ్చీసినాయి ఎదవకి. లోపల్నించి అందరూ నవ్వినారు, నానిన్నాను. ఏటా నవ్వు? మంచిదేనా?”

తులసమ్మ పిల్లాణ్ణి అందుకుని, గోడ వైపు తిరిగి రొమ్ము అందించింది. వాడు గుటకలు వేస్తున్నాడు. 

“మా ముసిలోడు ఎనక వస్తన్నాడేటి?”

“లేదు మామ్మా.”

అచ్చమ్మ కనబడని కళ్ళు వానకేసి తిప్పింది. తరవాత అడిగింది. “ఏటడిగినారు?”

“బియ్యం ఎవులు సెరిగినారని అడిగినారు.”

“నువ్వేటన్నావు?”

తులసమ్మ పిల్లాణ్ణి రెండో రొమ్ముకి మార్చుకుంది. అచ్చమ్మ చెయ్యి చాపి ముందు తులసమ్మ తడిసిన చొక్కా, తరవాత పాలు తాగుతున్న పిల్లాడి బుర్ర తడిమింది. చెయ్యి అక్కడే ఉంచింది.

“ఎన్నాళ్ళు?”

“మూడేళ్ళు.”

“అన్నాళ్ళు అతనుండడే” అంది అచ్చమ్మ. ఏడవలేదు. ఎవరినీ తిట్టలేదు. బజారులో సరుకు లేదంటే అన్నట్టు అంది. “పద. బస్సు ఎల్లిపోతాది.”

తులసమ్మకి ఒక్క తిట్టు కావాలనిపించింది. ఒక్క తిట్టయినా వస్తే దాన్ని పట్టుకుని ఏడవచ్చు. అచ్చమ్మ లేచి, అలవాటుగా, దారి కనబడనివాళ్ళు పట్టుకున్నట్టు ఆమె భుజం పట్టుకుంది. పొద్దున వచ్చేటప్పుడు కూడా అలాగే పట్టుకుంది. అప్పుడు ఆ చెయ్యికి ఇంత బరువు లేదు.

మేడమెట్ల దగ్గర నీళ్ళు నిలిచిపోయాయి. పిల్లాణ్ణి ఒక చేత్తో గుండెలకి అదుముకుని, భుజం మీద ఆ చెయ్యి కదలకుండా చూసుకుంటూ తులసమ్మ ఒక్కొక్క మెట్టే దిగింది.

“మెట్టున్నాది మామ్మా” అంది. “ఇంకోటి. ఇక్కడ నీళ్ళు.”

అచ్చమ్మ ఆమె చెప్పిన చోటల్లా అడుగు వేసింది.